సముద్రం లేని సీమలో సెలవుల చదువు

ఎండలు ముదరగానే ఇంగ్లీషు పత్రికల ఆదివారం పేజీల్లో ఒక జాబితా ప్రత్యక్షమవుతుంది. సముద్రపుటొడ్డున పడక కుర్చీలో వాలి, పక్కన చల్లటి పానీయం పెట్టుకొని చదువుకోదగ్గ పుస్తకాలని దాని సారాంశం. ఆ పుస్తకాలకు ఉండవలసిన లక్షణాలు కూడా వారే చెబుతారు. కథ పరుగెత్తాలి. మనసుకు బరువు కాకూడదు. మధ్యలో కునుకు పట్టినా దారి తప్పకూడదు. చదివాక ఇసుకలో మరచిపోయి వచ్చినా బాధ కలగకూడదు. తెలుగులో కూడా అడపాదడపా ఇదే బాణీ వినిపిస్తోంది కనుక, ఈ విషయం మీద మా సీమ నుంచి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

కర్నూలుకూ కడపకూ సముద్రం లేదు. ఉన్నవి తుంగభద్ర, హంద్రి, కుందూ, పెన్న. ఎండాకాలంలో వీటిలో చాలాచోట్ల నీటికన్నా ఇసుకే ఎక్కువ. అంటే మాకూ ఒడ్డు ఉంది, ఇసుక ఉంది, సాయంత్రపు గాలీ ఉంది. లేనిదల్లా నీళ్లే. ఏటి నడుమ చెలమ తవ్వి, అడుగున ఊరిన నీటిని చిప్పతో తోడుకోవడం తెలిసినవారికి, సముద్రం ముందు కూర్చొని పుస్తకం చదవడమన్నది ఇంకెవరి కలో విన్నట్టుంటుంది.

ఆ జాబితాల మీద నాకు కోపం లేదు. హాయిగా చదువుకోవడం ఎవరికి చేదు? నా పేచీ అంతా 'తేలిక' అనే మాట దగ్గరే. సెలవుల్లో చదివేది తేలికగా ఉండాలంటే, విషయం తేలికైనదై ఉండాలని మనం తీర్మానించుకున్నాం. నా అభిప్రాయం వేరు. చదువరికి విశ్రాంతినిచ్చేది మాట దగ్గరితనం. మన ఇంట్లో మాట్లాడే మాట, మన పొలంలో వినిపించే పలుకు, మన అవ్వ తిట్టే తిట్టు పుస్తకంలో కనబడితే, విషయం ఎంత బరువైనదైనా చదువు అలుపనిపించదు. తెలియని లోకం గురించి ఎంత తేలికగా రాసినా, ఆ లోకంలో మనకు చోటు లేదన్న సంగతి ఏదో ఒక మూల గుచ్చుతూనే ఉంటుంది.

తేలిక చదువును నేను తక్కువ చేయడం లేదు. 1947 జులైలో మొదలైన 'చందమామ' తెలుగు పిల్లల కెన్ని వేసవులు గడిపి పెట్టిందో లెక్కకట్టలేం. వారపత్రికల సీరియళ్లు, డిటెక్టివ్ నవలలు, రోజుకింతని అద్దె కట్టి తెచ్చుకొనే పుస్తకాల అంగళ్లు మా పట్టణాల్లోనూ ఉండేవి. అట్టలు ఊడి, మొదటి పేజీ ఒకరు, చివరి పేజీ ఒకరు చించుకుపోగా మిగిలిన నవలను కూడా వంతులు వేసుకొని చదివాం. చదివే అలవాటు చాలామందికి అక్కడే పట్టుబడింది. అయితే ఆ నవలల్లో నాయకుడు హైదరాబాదులోనో, విశాఖలోనో, మదరాసులోనో ఉండేవాడు. ఆదోనిలో, జమ్మలమడుగులో, నందికొట్కూరులో నాయకుడంటూ ఎవరూ ఉన్నట్టు తోచేది కాదు.

తరువాత సినిమా వచ్చి ఆ ఖాళీని పూరించింది. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర', వాటి వెనుక వరసగా మరెన్నో. సుమోలు గాలిలోకి లేచాయి, కొండారెడ్డి బురుజు ముందు కత్తులు మెరిశాయి. మా యాస ప్రతినాయకుడి నోట్లోకి, లేదా హాస్యగాడి నోట్లోకి చేరింది. పైచదువులకు పరాయి ఊరు వెళ్లిన మా పిల్లలను తోటివారు మొదట అడిగే ప్రశ్న బాంబుల గురించి. పిల్లవాడు నవ్వేసి ఊరుకుంటాడు. కాని ఆ రోజు నుంచి ‘యాడికి’, ‘ఏంది’ అనే మాటలు నోటికి రాకుండా జాగ్రత్తపడతాడు. ఒక ప్రాంతం పిల్లలు తమ పలుకు తామే మింగేసుకోవడం చిన్న నష్టం కాదు. వేసవిలో ఏ పుస్తకం చదవాలన్న చిన్న ప్రశ్నను ఇంత దూరం లాగడానికి కారణం ఇదే.

'రాయలసీమ' అన్న పేరు 1928లో నంద్యాల సభల్లో పుట్టింది. అంతకుముందు ఈ జిల్లాలు వట్టి 'దత్తమండలాలు'. నిజాం ఇంగ్లీషువారికి ధారపోసినవన్న గుర్తే వాటి పేరు. పేరు మార్చుకొని వంద ఏళ్లు కావస్తోంది. ఆ పేరుకు తగిన బొమ్మను సినిమా గీసినంత గట్టిగా మన పుస్తకాలు కూడా గీశాయని ఎందరికి తెలుసు?

ఇక పుస్తకాల సంగతి. మా ఎండాకాలపు రోజుకు మూడు జాములు, మూడు చోట్లు ఉంటాయి. వాటిని బట్టే చెబుతాను.

మొదటిది మధ్యాహ్నం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరకే అనలేదు. 40 డిగ్రీలు దాటిన ఎండలో బయట కాలుపెట్టే పని లేదు. పడసాలలో నాపరాయి బండల మీద నీళ్లు చల్లి, చాప కూడా పరచకుండా వీపు ఆనించి పడుకుంటే ఆ చల్లదనం ఏ యంత్రమూ ఇవ్వలేదు. గవాచి నుంచి పడే వెలుతురు ఒక పుస్తకానికి సరిపోతుంది. ఈ జాముకు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' నా మొదటి సిఫారసు. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో సినిమాగానూ వచ్చింది. సినిమా చూశాం కదా అని నవలను పక్కన పెట్టకండి. కరువుకు మేతా నీళ్లూ కరవై, గొర్రెల మందలను తోలుకొని నల్లమల ఎక్కడాన్ని కొండపొలం పోవడమంటారు. ఇంజనీరింగు చదివి, పట్నంలో ఉద్యోగం దొరకక, పదిమందిలో నోరు విప్పడానికి జంకే కుర్రవాడు గొర్రెల వెంట అడవికి పోతాడు. పులి జాడ, నీటి జాడ, మంద పోకడ తెలిసిన పెద్దలు అతనికి గురువులవుతారు. కథ పరుగెత్తాలనేవారికి ఇంతకన్నా పరుగు ఏం కావాలి? అడవి ఉంది, పులి ఉంది, దొంగలున్నారు, దాహం ఉంది. పైగా ఇంటర్వ్యూ గదిలో పెగలని గొంతు అడవిలో ఎలా పెగిలిందన్న సంగతి ఉంది. పలుకు మింగేసుకున్న పిల్లల గురించి పైన చెప్పాను కదా, ఈ నవల వారి చేతిలో పెట్టవలసినది.

మధ్యాహ్నానికే రెండవది కేతు విశ్వనాథరెడ్డి కథలు. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన సంపుటి. 1939లో కడప జిల్లా రంగసాయిపురంలో పుట్టి, 2023లో కన్నుమూసిన ఈ రచయిత కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసినవాడు. ఊరి పేరు వెనుక చెరువునూ చెట్టునూ కులాన్నీ దేవుణ్ణీ వెతికిన చూపే కథల్లోనూ కనిపిస్తుంది. 'జప్తు', 'నమ్ముకున్న నేల' అన్న పేర్లు చూసి ఏడుపు కథలనుకొనేవారు ఒక్కటి చదివి చూడండి. ఆయన గొంతు ఎక్కడా లేవదు. ఎవరినీ దేవుణ్ణి చేయడు, ఎవరినీ దయ్యం చేయడు. రోజుకొక కథ చొప్పున చదివి, పుస్తకం గుండెల మీద బోర్లించుకొని కాసేపు కళ్లు మూసుకోవచ్చు. ఆ కునుకులో కథ తనంతట తాను ఇంకొంచెం సాగుతుంది.

వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కూడా ఈ వరసలోనిదే. 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం దీనికే వచ్చింది. చిన్న పుస్తకం, ఒక్క మధ్యాహ్నంలో ముగుస్తుంది. శుక్రవారం నమాజుకు వెళ్లమని చిన్నప్పటి నుంచీ కొడుకును పోరిన తల్లి, 2007లో హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగాక ఏమంటుందన్నది పేరు కథ. అంతకు మించి చెబితే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. కడప జిల్లా ముస్లిం ఇళ్లలో మాట్లాడే తెలుగు ఇంత సహజంగా అచ్చులో కనబడటం నాకైతే పండుగలా అనిపించింది. అంతకు ముందు ఏడాది, 2011లో, అదే పురస్కారం వేంపల్లి గంగాధర్ 'మొలకల పున్నమి' కథలకు దక్కింది. వరసగా రెండేళ్లు ఒకే జిల్లా కుర్రవాళ్లు రాసిన కథలకు ఈ గుర్తింపు వచ్చిందన్న సంగతి, మా వైపు ఏమీ పండదనేవారికి వినిపించదగ్గది.

రెండవ జాము సాయంత్రం. ఎండ వాలాక ఏటి ఇసుక మెల్లగా చల్లారుతుంది. బొరుగుల పొట్లం, చెంబులో మజ్జిగ, కుదిరితే నన్నారి. ఇక్కడ చదవవలసింది విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'. 1956లో తెలంగాణ రచయితల సంఘం దీన్ని అచ్చువేసింది. అనంతపురం మనిషి రాసిన పెన్న కావ్యాన్ని తెలంగాణ రచయితలు పుస్తకంగా తీసుకురావడం ఇవాళ తలచుకుంటే వింతగానూ ముచ్చటగానూ ఉంటుంది. రంగడు, గంగమ్మ అనే ఇద్దరు పేదల బతుకే ఇతివృత్తం. బరువైనదే, కాదనను. కాని పెన్న ఇసుకలో కూర్చొని ఆ మాత్రాఛందస్సును పైకి చదువుతుంటే, ఆ నది ఒకప్పుడు ఎలా పారిందో, ఎందుకు ఎండిందో అన్న ప్రశ్న మన కాళ్ల కిందే ఉంటుంది. ఇప్పుడు ఆ ఇసుక కూడా లారీలెక్కి పోతోంది కనుక, కూర్చోవడానికి చోటు ఉండగానే ఈ కావ్యం చదువుకోవడం మంచిది.

సముద్రం లేకపోతే సెలవులు సెలవుల్లా ఉండవనే మొండివారికి కూడా మా దగ్గర ఒక పుస్తకం ఉంది. ప్రొద్దుటూరుకు చెందిన ఎం.వి. రమణారెడ్డి, ఫ్రెంచి రచయిత ఆంరీ షారియేర్ 'పాపియాన్'ను 'రెక్కలు చాచిన పంజరం' పేరుతో తెలుగు చేశారు. ద్వీపాంతర శిక్ష, సముద్రం మీద పారిపోవడాలు, దొరకడాలు, మళ్లీ పారిపోవడాలు. వైద్యుడూ శాసనసభ్యుడూ రాయలసీమ ఉద్యమకారుడూ అయిన ఆ మనిషి 2021లో పోయారు. పెన్నేటి ఒడ్డునుండే ప్రొద్దుటూరు వాడు తెలుగువాళ్లకు ఇంత సముద్రాన్ని తెచ్చి పెట్టాడు. ఇంగ్లీషు జాబితాల వారు అడిగే లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి. ఇసుకలో మరచిపోయి రావడం మాత్రం నేను ఒప్పుకోను.

మూడవ జాము రాత్రి. నిచ్చెన వేసుకొని మిద్దెక్కడం, నీళ్లు చిలకరించిన మన్ను వాసన, వరసగా పరచిన పడకలు. ఎదిగిన పిల్లలు, పెద్దలు, వేసవికి వచ్చిన చుట్టాలు అందరూ ఒక్కచోట. ఇక్కడ ఒంటరి చదువు కుదరదు. ఒకరు చదవాలి, మిగిలినవారు వినాలి. దీనికి నా ఎంపిక పుట్టపర్తి నారాయణాచార్యుల 'శివతాండవం'. ప్రొద్దుటూరులో ఉన్న రోజుల్లో రాసినది. అర్థం తరువాత చూసుకోవచ్చు, ముందు లయ చెవిన పడనివ్వండి. పదేళ్ల పిల్లలు కూడా రెండవ రాత్రికి వంత పాడతారు. మరొకటి మొల్ల రామాయణం. బద్వేలు దగ్గరి గోపవరమే ఆమె ఊరని కడప వారి నమ్మకం. వినగానే బోధపడే తెలుగులో కావ్యం ఉండాలన్నది ఆమె పట్టుదల. అయిదు వందల ఏళ్ల నాటి పద్యం వేసవి రాత్రి మిద్దె మీద నిఘంటువు అక్కర లేకుండా చాలావరకు సాగిపోవడం చూస్తే, తేలికకూ లోతుకూ విరోధం లేదని తెలుస్తుంది.

ఇంత చెప్పాక ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. ఏడాదంతా కష్టపడి నాలుగు రోజులు సెలవు దొరికితే కరువు కథలూ కన్నీటి కావ్యాలూ చదవమంటావా అని. న్యాయమైన ప్రశ్నే. దానికి ముందు, మా దగ్గర ఎండాకాలం అందరికీ సెలవు కాదన్న సంగతి గుర్తు చేయాలి. బడిపిల్లలకూ ఉద్యోగులకూ అది సెలవు. రైతుకూ కూలికీ అది పనిలేని కాలం. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయిన కుటుంబాలు తిరిగివచ్చి, వానకోసం ఎదురుచూసే కాలం. ఒకే వీధిలో ఒక ఇంటి తీరిక హాయి, పక్క ఇంటి తీరిక దిగులు. పక్క ఇంటిని చూడకుండా ఉండటమే విశ్రాంతి అనుకుంటే ఆ విశ్రాంతి ఎక్కువసేపు నిలవదు.

రెండవ మాట. ఈ పుస్తకాల్లో కరువు ఉంది, నిజమే. కరువులో బతికే నేర్పు కూడా ఉంది. ఎగతాళి ఉంది, సరసం ఉంది, సంగటి ముద్ద ఉంది, జాతర ఉంది, మొండితనం ఉంది. 1876-78 నాటి ధాత కరువును తలచుకొనేటప్పుడు కూడా మా పెద్దవాళ్లు ఆకలితో పాటు అన్నం పెట్టినవారిని చెబుతారు. 1866 కరువులో వేలమందికి గంజి పోయించిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు కర్నూలు పల్లెల్లో ఇంకా పలుకుతుంది. దుఃఖాన్ని ఒంటరిగా మోయనివ్వని సాహిత్యం మనసుకు బరువు పెంచదు, పంచుకుంటుంది.

అసలు అడ్డంకి వేరే ఉంది. ఈ పుస్తకాలు దొరకాలి కదా. కొన్ని ముద్రణ అయిపోయి ఏళ్లు గడిచాయి. తెలుగు కోసం తలకెత్తుకున్న పని గుర్తుగా, కడపలో బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం నిలిచింది. దాని వెనుక జానమద్ది హనుమచ్ఛాస్త్రి శ్రమ ఎంతో ఉంది. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కుల్లో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది 1883లో, కర్నూలులో. ఇంతటి వారసత్వం ఉన్న జిల్లాల్లో, నేను చూసిన చిన్న ఊళ్ల శాఖా గ్రంథాలయాల్లో దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు తప్ప మిగిలినవి తాళంలో ఉంటాయి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బు గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న మొర పాతదే. వలస నుంచి తిరిగివచ్చిన కుటుంబంలోని పిల్లకు బడి మూసి ఉండే ఆ రెండు నెలలూ పుస్తకం దొరికే చోటు శాఖా గ్రంథాలయం ఒక్కటే. ఏ అలమారా తాళం తీయించినా ఆ రెండు నెలల్లోనే తీయించాలి. ఊరికి వెళ్లినప్పుడు మనం చేయగల పని ఇది. వెళ్లి అడగడం, దరఖాస్తు రాయడం, మన జిల్లా రచయితల పుస్తకాలు ఏవేవి ఉన్నాయో చూపించమనడం.

ఇంకొక చిన్న పని. ఈ వేసవిలో సొంత ఊరికి పోయేటప్పుడు మిఠాయి పొట్లంతో పాటు ఒక కథల పుస్తకం పట్టుకుపొండి. చదువురాని అవ్వకు ఒక కథ చదివి వినిపించండి. "అట్లనరు నాయనా, ఇట్లంటారు" అని ఆమె రచయిత మాటను దిద్దుతుంది. దిద్దిన మాటను రాసుకోండి. అవి ఏ నిఘంటువులోనూ లేని మాటలు కావచ్చు. 1852లో అచ్చయిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కోసం బ్రౌన్ పండితులనూ పాత పుస్తకాలనూ కూడగట్టుకున్నాడు. మనకు అంత శ్రమ లేదు. మిద్దె మీద మన పక్క పడకలోనే ఉంది.

నా జాబితా కడప, కర్నూలు ఎండలకు సరిపడా కూర్చినది. అనంతపురం సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి, చిత్తూరు మధురాంతకం రాజారాం పేర్లు ఇందులో లేవని ఆ వైపు మిత్రులు నొచ్చుకోవద్దు, వారి గురించి మీరే రాస్తే బాగుంటుంది. పాలమూరు వారు, పలాస వారు, నెల్లూరు వారు మీ మీ ఊళ్ల ఎండకు తగిన పుస్తకాలేవో చెప్పండి. సముద్రం ఉన్న ఊళ్ల మిత్రులు కూడా చెప్పవచ్చు. మీ ఒడ్డున చేపల వలలు లాగేవారి కథలు ఎవరు రాశారో, అవి ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోవాలని నాకు చాలా కాలంగా ఉంది.